మేమెప్పుడొచ్చినాం సార్? – సీమలో ఇస్లాం చరిత్ర, మన అధ్యయనం

నేను బడిపంతుల్ని. పుట్టింది కర్నూలు జిల్లా. ఉద్యోగం కడప జిల్లాలో, గండికోట కొండలు కనుచూపు మేరలో ఉన్న ఊళ్లో. తెలుగు చెబుతాను. రెండేళ్ల కిందట ఎనిమిదో తరగతిలో ప్రబంధాల గురించి నాలుగు మాటలు చెబుతూ, అలవాటు కొద్దీ ఒక వాక్యం దొర్లించాను. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత తురుష్కులు రావడంతో మన ప్రాంతంలో తెలుగు కవులకు ఆదరణ కరువైందని. ఎం.ఏ. చదివే రోజుల్లో రాసుకున్న నోట్సులోని వాక్యమది. ఎన్నో ఏళ్లుగా ఎందరో పిల్లలకు చెప్పాను, ఎవరూ ఏమీ అడగలేదు. ఆ రోజు వెనక వరసలోంచి ఒక దూదేకుల పిల్లవాడు లేచి, "సార్, మేమెప్పుడొచ్చినాం ఈడికి? యాన్నించి వచ్చినాం?" అన్నాడు. తరగతంతా నవ్వింది. వాడు నవ్వలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

"రేపు చెప్తాలే, కూచో" అన్నాను. ఆ రేపు ఇంతవరకూ రాలేదు. ఈ వ్యాసం ఆ బాకీలో కొంత తీర్చుకునే ప్రయత్నం.

వాడి ప్రశ్నకు జవాబు నా అల్మారాలోని సాహిత్య చరిత్రల్లో వెతికాను. వాటిలో ఇస్లాం రెండే వేషాల్లో కనిపిస్తుంది. ఒకటి దండయాత్ర. రెండోది "ముసల్మానై ఉండి కూడా" తెలుగును పోషించిన ఉదార ప్రభువు. మొదటిదానికి శాపం, రెండోదానికి ప్రశంస. రెండింట్లోనూ మనుషులు లేరు. ఇబ్రహీం కుతుబ్ షానే తీసుకోండి. మనకాయన మల్కిభరాముడు. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితం తీసుకున్న రసికుడు. ఆయన సర్దారు అమీన్ ఖానుకు పొన్నెగంటి తెలగన్న 'యయాతి చరిత్ర'ను, అంటే తొలి అచ్చతెనుగు కావ్యాన్ని, అంకితమిచ్చాడు. ఎం.ఏ. పరీక్షలో ఇది ఖాయమైన ప్రశ్న. మన కర్నూలు వైపు అహోబిలానికి వెళ్లి అడగండి. 1579లో గోల్కొండ సైన్యం ఆ గుడిని కొల్లగొట్టి, కెంపులు తాపిన విగ్రహాన్ని సుల్తానుకు తీసుకుపోయి సమర్పించింది. సుల్తాను ఈ మల్కిభరాముడే. సైన్యాన్ని నడిపిన సేనాని మురహరిరావు అనే మరాఠా బ్రాహ్మణుడు.

సాహిత్య చరిత్రకారుడు మొదటి సగం చెప్పి ఊరుకుంటాడు. మతావేశపరుడు రెండో సగంలో సేనాని పేరు మింగేసి చెబుతాడు. అభ్యుదయవాదులమైన మనం ఆ సేనాని పేరొకటి పట్టుకుని "చూశారా, ఇందులో మతం లేదు" అని చేతులు దులుపుకుంటాం. ఇదీ అరకొర జవాబే. గుడి కొల్లపోయింది, అందులో సందేహం లేదు. ఎందుకు పోయిందన్నదే చరిత్ర విద్యార్థి పని. కృష్ణకు దక్షిణాన ఉన్న శిస్తు భూములన్నీ గోల్కొండ కిందికి వస్తున్న కాలమది. అహోబిలం శ్రీకృష్ణదేవరాయలు స్వయంగా వచ్చి కానుకలిచ్చిన గుడి, విజయనగర అధికారానికి గుర్తు. ఓడిన రాజు దేవుణ్ణి ఎత్తుకుపోవడం ఈ దేశపు రాజరికాలకు పాత అలవాటేనని, సుల్తానులకు మాత్రమే చెందిన విద్య కాదని రిచర్డ్ ఈటన్ ఆధారాలతో చూపించాడు. కావ్యం అంకితం తీసుకోవడం, విగ్రహం ఎత్తుకురావడం అనే రెండు పనులూ ఒకే సింహాసనం చేసింది. రెండూ ఆ సింహాసనం అవసరాలే. ఈ మాట మన సాహిత్య చరిత్రలో ఒక్క వాక్యంగానైనా ఎందుకు లేదు?

"తురుష్కులు" అన్న మాటను కూడా మనం సరిగా చదవలేదు. సింథియా టాల్‌బట్ ఆంధ్రదేశపు శాసనాలన్నీ తిరగేసి 1995లో ఒక వ్యాసం రాసింది. ఆ శాసనాల్లో వీళ్లను తురుష్కులనీ, యవనులనీ జాతి పేరుతో పిలిచారే గాని మతం పేరుతో కాదని చూపింది. కాకతీయ రాజ్యం కూలిన కొత్తలో వేసిన ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనంలో తురుష్కుల మీద ద్వేషం భగభగ మండుతుంది. తరాలు గడిచి, పక్కపక్కన రాజ్యాలేలుతున్న కొద్దీ ఆ మంట చల్లారుతుంది. ఇంకా చిత్రం, విజయనగర రాజులే "హిందూరాయ సురత్రాణ" అని బిరుదు పెట్టుకున్నారు. సురత్రాణుడంటే సంస్కృతం తొడుక్కున్న సుల్తాను. ఫిలిప్ వాగనర్ 1996లో ఇంకో అడుగు ముందుకేసి, విజయనగర కొలువులో ఉడుపే మారిందన్నాడు. ఒంటిమీద కబాయి, తలమీద కుల్లాయి. కబాయి అరబ్బీ కబా, కుల్లాయి పారశీకపు కులాహ్. ఈ కుల్లాయిని పాఠకులు గుర్తుంచుకోవాలి, మళ్లీ దాని దగ్గరకు వస్తాను.

రాజుల సంగతి ఇక త్వరగా ముగిస్తాను. గండికోటను 1650లో పెమ్మసాని వారి నుంచి మీర్ జుమ్లా తీసుకున్నాడు. కర్నూలు, కడప, సావనూరు పఠాను నవాబులు కుట్ర చేసి 1750 డిసెంబరులో నాసిర్ జంగును, 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర ముజఫర్ జంగును బలి తీసుకున్నారు. రెండు నెలల్లో ఇద్దరు నిజాములు! కడప నవాబును 1779లో ఊడ్చింది హైదరాలీ. మతం పేరుతో ఈ చరిత్రను రెండు రంగులు వేసి చూడదలచినవాళ్లకు ఈ తేదీలు కొరుకుడు పడవు.

ఇప్పుడు అధ్యయనం సంగతి. మన దేశంలో ఇస్లాంను "శాస్త్రీయంగా" చదవడం మొదలుపెట్టింది కుంపిణీ ఉద్యోగులు. మద్రాసు సైన్యంలో వైద్యుడు హెర్‌క్లాట్స్ 1832లో లండనులో 'ఖానూన్-ఎ-ఇస్లాం' అచ్చు వేయించాడు. రాసింది దక్కన్ మనిషి జాఫర్ షరీఫ్. పుట్టుక, పెళ్లి, చావు, పీర్ల పండుగ, తాయెత్తులు, అన్నీ ఉన్నాయి అందులో. అది డాక్టరు దొర అడిగిన వరసలో చెప్పిన పుస్తకం. 1921లో క్రూక్ అనే మరో దొర దాన్ని విడగొట్టి తన పద్ధతిలో మళ్లీ పేర్చాడు. మన గురించి మనవాడే చెప్పినా, ఏది అడగాలో, దాన్ని ఏ వరసలో పెట్టాలో నిర్ణయించింది వాళ్లు. ఎడ్వర్డ్ సయీద్ 1978లో 'ఓరియంటలిజం' రాసినప్పుడు ఆయన మనసులో ఉన్నది కైరో, పాలస్తీనా. ఆయన వాదానికి ఉదాహరణ మన దక్కన్‌లోనే దొరుకుతుంది.

ఆ చదువు ఫలితం కర్నూలు కోటలో చూడవచ్చు. కడపటి నవాబు గులాం రసూల్ ఖాన్ 1839లో ఆయుధాలు పోగుచేస్తున్నాడని కుంపిణీకి కబురందింది. హైదరాబాదులో నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలాతో చేతులు కలిపాడని అనుమానం. కోటలో ఫిరంగులు, మందుగుండు దొరికాయి. అక్టోబరులో జొహరాపురం దగ్గర పోరాటం జరిగింది. నవాబును పట్టుకుని తిరుచినాపల్లికి పంపారు. 1840లో అక్కడే హతుడయ్యాడు. ఇంగ్లీషు కాగితాల్లో దీని పేరు "వహాబీ కుట్ర". తర్వాత 1871లో హంటర్ 'ది ఇండియన్ ముసల్మాన్స్' రాసి, ఆ వహాబీ అన్న ముద్రను దేశమంతటికీ ఒక పోలీసు సిద్ధాంతంగా మార్చాడు.

అదే సీమలో, ఏడేళ్ల తర్వాత, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంపిణీ మీద తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరితీశారు. ఆయనకు పాటలున్నాయి, 2019లో సినిమా కూడా వచ్చింది. నవాబుకు మా పల్లెల్లో ఒక్క పాట కూడా నా చెవిన పడలేదు. ఇద్దరూ భూమి పెత్తనం పోగొట్టుకున్నవారో, పోగొట్టుకోబోతున్నవారో. ఇద్దరి కోపంలోనూ వర్గ ప్రయోజనం ఉంది, దాన్ని కప్పిపెట్టనక్కరలేదు. అయినా ఒకరు వీరుడయ్యారు, ఇంకొకరు కుట్రదారుగానే మిగిలిపోయారు. దొర పెట్టిన పేరును మనం ఒక్కసారైనా గీరి చూశామా? మనలో ఎంతమంది కథకులు నరసింహారెడ్డి మీద రాశారో, ఎంతమంది గులాం రసూల్ ఖాన్ మీద రాశారో లెక్క వేయండి.

కుంపిణీ ఉద్యోగుల్లో ఒకాయన్ని మాత్రం వేరుగా చూడాలి. 1820లో కడపకొచ్చిన బ్రౌన్. వేమనను, ప్రబంధాలను బతికించాడని మనం ఆయనకు దండలు వేస్తాం. ఆయన 1854లో మిశ్రభాషా నిఘంటువొకటి వేశాడని మాత్రం తెలుగు చదివినవారిలో చాలామందికి తెలియదు. కచేరీల్లో, దస్తావేజుల్లో, జనం నోళ్లలో ఉన్న అన్యదేశ్యాలకు అందులో చోటిచ్చాడు. 1852లో వేసిన జిల్లా డిక్షనరీ కూడా ఆ కోవలోదే. కోర్టులో కూర్చునే దొరకు రైతు చెప్పేది అర్థం కావాలన్నది ఆయన అవసరం. సరే, అవసరమే! ఆ అవసరం మన పండితులకు కలగలేదు. వాళ్లు ఆ మాటలను ఎంగిలిలాగా పక్కన పెట్టారు.

ఆ మాటలేమిటో చూడండి. రైతు అరబ్బీ. జిల్లా అరబ్బీ. ఖరీఫు, రబీ, బాకీ, హక్కు, వసూలు, జమ అన్నీ అరబ్బీయే. కాగితం పారశీకం. రోజు పారశీకం. మా సీమలో రెడ్డి గానీ, మాలమాదిగలు గానీ ఈ మాటలు లేకుండా ఒక్క రోజు గడపలేరు. ఆ "రోజు" అనడానికి కూడా వీల్లేదు! అడంగలు కాగితం మీద ఫసలీ సంవత్సరం ఉంటుంది. క్రీస్తు శకంలోంచి 590 తీసేస్తే వచ్చే ఆ అంకె అక్బరు కాలపు హిజ్రీ లెక్క మీద కట్టింది. సేద్యం కోసం దాన్ని సౌరమానానికి మార్చుకున్నారు. మా ఊరి రైతు పంటను వందల ఏళ్లుగా ఆ లెక్కలోనే రాశారు. ఇక మతం మాటలు చూస్తే నమాజు, రోజా, పైగంబరు, పీరు, దర్గా అన్నీ పారశీకమే. అరబ్బులు సలాత్ అంటారు, సౌమ్ అంటారు. మన పల్లెల్లో ఆ మాటలు ఎవరికీ తెలియవు. అంటే మనకు ఇస్లాం మక్కా నుంచి తిన్నగా దిగలేదు. ఇరాను మీదుగా, దక్కన్ మీదుగా, కచేరీల మీదుగా, ఫకీరుల మీదుగా నడిచి వచ్చింది. ఈ సంగతి తెలుసుకోవడానికి అరబ్బీ పాండిత్యం అక్కరలేదు, తెలుగు పంతులు చెవి చాలు. ఇరవై ఏళ్లుగా ఆ చెవి నాకు లేదు.

ఈ చెవి ఉన్న తెలుగు పండితుడు ఒకాయన ఉన్నారు. చిలుకూరి నారాయణరావు గారు. ఉత్తరాంధ్రలో పుట్టి అనంతపురం కళాశాలలో తెలుగు చెప్పారు. 1937 నాటి 'ఆంధ్ర భాషా చరిత్రము' ఆయనది. తెలుగు ద్రావిడం కాదు, ప్రాకృత జన్యమని అందులో వాదించారు. ఆ వాదం నిలబడలేదు, పుస్తకం నిలబడింది. 1928 నవంబరులో నంద్యాల సభల్లో దత్త మండలాలన్న అవమానకరమైన పేరు తీసేసి రాయలసీమ అని పెట్టమన్నది ఆయనేనని చెబుతారు. (గాడిచర్ల వారి పేరు చెప్పేవాళ్లూ ఉన్నారు. ఆ తగువు నేను తీర్చలేను.) ఇదంతా ఎరిగినదే. ఎరగనిది, లేదా ఎరిగీ పట్టించుకోనిది మరొకటుంది. 1930ల నాటికే ఖురానును తొలిసారి పూర్తిగా తెలుగు చేసింది కూడా ఈయనే.

ఒక ప్రాంతానికి రాయల పేరు పెట్టిన మనిషే ఆ ప్రాంతపు భాషలోకి ఖురానును తెచ్చాడు. ఈ రెండు పనులూ ఒకే బుర్రలో ఎలా ఇమిడాయి? విమర్శకుడికి ఇంతకంటే మంచి ప్రశ్న ఏముంటుంది! మొదటి పని మీద ప్రతి సీమ సభలోనూ ఉపన్యాసాలున్నాయి. రెండో పని మీద, అందులోని మాటల ఎంపిక మీద, వాక్యం మీద ఒక్క గట్టి విమర్శ వ్యాసం నేను చూడలేదు. అశోకుని శాసనాల దగ్గర నుంచి ఖురాను దాకా వెళ్లిన భాషాశాస్త్రవేత్త దైవం, కర్మ, మోక్షం వంటి మాటలు ఎదురైన చోట ఏం చేశాడు? తెలుగులో దేవుడన్నా దైవమన్నా వెనకే ఒక గుడి నిలబడుతుంది, ఆ గుడిని ఎలా తప్పించుకున్నాడు? బైబిలు తెలుగు మీద ఇంత పరిశోధన జరిగింది కదా, దీని మీద ఎందుకు జరగలేదు? కర్నూలుకు చెందిన మౌల్వీ అబ్దుల్ గఫూర్ గారూ ఖురానును తెలుగు చేశారు. హిందూ పండితుడి అనువాదాన్నీ మౌల్వీ అనువాదాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే చాలు, ఒక పరిశోధక విద్యార్థికి రెండేళ్ల పని. కర్నూలులోనే 1947లో డాక్టర్ అబ్దుల్ హక్ గారు పెట్టిన ఉస్మానియా కళాశాల ఉంది. పని చేయడానికి చోటు లేదని ఎవరూ అనలేరు.

మన శిబిరం గురించి కూడా చెప్పాలి. మనవాళ్లు ఇస్లాం గురించి చదవలేదని కాదు. ఎం.ఎన్. రాయ్ 1939 నాటి పుస్తకం చదివాం, మాక్సిం రోదిన్సన్ రాసిన ప్రవక్త జీవితం చదివాం. మక్కా వర్తకం, అరబ్బు తెగల ఉత్పత్తి సంబంధాలు ఉపన్యాసంలో ఏకరువు పెట్టగలం. జమ్మలమడుగు తెగల గురించి అడిగితే నోట మాట రాదు. ఏటా ఉగాదికి దేవుని కడప వెంకటేశ్వరుడి గుడికి ముస్లింలు వచ్చి మొక్కుకోవడం పత్రికల్లో ఫోటోగా వేస్తారు. బీబీ నాంచారి తమ ఆడబిడ్డ అని, కాబట్టి స్వామి తమ అల్లుడని వాళ్ల నమ్మకం. కడప పెద్ద దర్గాకు హిందువులు పోవడం ఇంకో ఫోటో. కింద "మతసామరస్యం" అని ఒక మాట. ఆ మాట తప్పని నేననను. దాన్ని అడ్డం పెట్టుకుని మనం ప్రశ్నలు మానేశామని అంటున్నాను. ఆ బారులో నిలబడినవాళ్లలో కౌలుదారు ఎవరు, బీడీలు చుట్టేదెవరు, భూమి ఎవరిది? ఫోటో చెప్పదు.

నా చిన్నప్పుడు మా ఊళ్లో పీర్ల సావిడి దూదేకులవాళ్ల చేతిలో ఉండేది. మా అమ్మ చక్కెర చదివించుకుని రమ్మని నన్ను పంపేది. చదివింపులంటే ఏం చదువుతారో ఆమెకు తెలియదు, చదివేవాడికీ అంతంత మాత్రమే. గుండం తొక్కేవాళ్లలో అన్ని కులాలవాళ్లూ ఉండేవారు. ఎవరెవరు ఎంత దూరంలో నిలబడాలో మాత్రం ఊరికి కచ్చితంగా తెలుసు. సామరస్యం ఆ దూరాన్ని చెరపలేదు. పక్క జిల్లాలో గూగూడు కుల్లాయప్ప మీద మన తెలుగు కవి అఫ్సర్ 2013లో ఇంగ్లీషులో ఒక పుస్తకం తెచ్చారు. అందులో నాకు బాగా నచ్చింది ఆయన సామరస్యం దగ్గర ఆగకపోవడం. ఊరి పీర్ల భక్తికీ, ఇదంతా అసలు ఇస్లాం కాదనే సంస్కర్తల మాటకూ మధ్య గూగూడు మనుషులు ఎలా మెలుగుతున్నారో దగ్గరుండి చూసి రాశారు. ఆ కుల్లాయప్ప పేరు చూడండి. కుల్లాయి పెట్టుకున్న అప్ప. విజయనగర కొలువులో దొరలు తలకెత్తుకున్న పారశీకపు టోపీ, అనంతపురం పల్లెలో దేవుడి పేరై కూర్చుంది. సీమలో కుల్లాయప్పలు, కుల్లాయమ్మలు అన్ని కులాల్లోనూ ఉన్నారు. నా హాజరుపట్టీలోనూ ఒకడున్నాడు, వాడు బోయపిల్లవాడు.

దూదేకుల పిల్లవాడి ప్రశ్నకు ఇంకాస్త దగ్గరగా తీసుకుపోయే దారి ఇర్ఫాన్ హబీబ్ చూపించాడు. నూలు వడికే రాట్నం ఈ దేశంలో ఉన్నట్టు మనకు దొరికే తొలి స్పష్టమైన సాక్ష్యం 1350 నాటి ఇసామీ పారశీక కావ్యంలోదని, అలాంటి పనిముట్లు ఇస్లాం ప్రపంచంతో వచ్చిన రాకపోకల్లో వ్యాపించాయని ఆయన వాదం. ఇసామీ బహమనీల కాలంలో దక్కన్‌లోనే రాశాడు. దీని మీద వాదోపవాదాలున్నాయి. అయినా ప్రశ్న పెట్టిన తీరు చూడండి. "ఎవరు దండెత్తారు" అని కాదు, "ఏ పనిముట్టు ఎవరి చేతికి వచ్చింది" అని. కోయిలకుంట్ల, జమ్మలమడుగు నల్లరేగడిలో పత్తి పండింది. దాన్ని ఏకేవాళ్లు కావాలి. ఏకేవాళ్లు ఒక కులంగా, తెలుగు మాట్లాడే ముసల్మానులుగా ఇక్కడే తయారయ్యారు. ప్రభుత్వం వాళ్లను బి.సి.-బి జాబితాలో పెట్టింది. 2007లో మరికొన్ని ముస్లిం కులాలకు బి.సి.-ఇ ఇచ్చినప్పుడు సయ్యదులను, మొగలులను, పఠానులను పక్కన పెట్టింది. చట్టానికి తెలిసిన తేడా మన సాహిత్య విమర్శకు తెలియలేదు. మనకు అందరూ "మైనారిటీలే".

వాడి ప్రశ్న సాహిత్యంలోనూ ఎప్పుడో పుట్టింది. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది, 'జల్‌జలా' 1998లో. మా కడప జిల్లా వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలకు 2012లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం అందింది. వాటిని మనం అస్తిత్వవాదమని పేరుపెట్టి ఒక అరలో సర్దేశాం. కొందరు మిత్రులు వర్గ పోరాటాన్ని చీలుస్తున్నారని కూడా అన్నారు. ఆ మాటన్నవాళ్లలో నేనొకణ్ణి. ఆ కవులు అడిగింది చరిత్ర. చరిత్ర ఇవ్వాల్సిన చోట మనం సిద్ధాంతం ఇచ్చాం.

ఇప్పుడు పని సంగతి. 1800లో దత్త మండలాలు కుంపిణీకి వచ్చాక మెకంజీ మనుషులు ఊరూరా రాయించిన కైఫియత్తులను కడప బ్రౌన్ కేంద్రం సంపుటాలుగా అచ్చు వేసింది. కైఫియత్తు అన్న మాటా అరబ్బీదే. వాటిలో మసీదుల ఇనాములు, ఫకీరుల మాన్యాలు పేర్లతో సహా ఉన్నాయి. 1860 ప్రాంతంలో ఇనాం కమిషను తయారుచేసిన రిజిస్టర్లు ఊరివారీగా ఉన్నాయి. ఏ పీర్ల సావిడికి ఎన్ని ఎకరాలు, ఎవరిచ్చారు, ఎవరు అనుభవిస్తున్నారు అని వాటిలో కాలమ్ ఉంటుంది. నేను ఈ వేసవిలో మా మండలంలో నాలుగు ఊళ్లు తిరిగాను. రెండు ఊళ్లలో సావిడి ఉంది, మాన్యం లేదు. ఒక ఊళ్లో మాన్యం కాగితం మీద ఉంది, అందులో వేరుశనగ వేస్తున్నది సావిడివాళ్లు కాదు. నాలుగో ఊళ్లో ముసలాయన ఒక పాత పారశీక సనదు ట్రంకు పెట్టెలోంచి తీసి చూపించాడు. చదవడం ఆయనకూ రాదు, నాకూ రాదు. ఫోటో తీసుకున్నాను. పారశీకం చదవగలిగిన మిత్రులెవరైనా పత్రిక చిరునామాకు రాస్తే పంపుతాను. మీ ఊళ్లలో అలాంటివి ఉంటే ఏ ఊరో, ఎవరి ఇంట్లోనో కనుక్కోండి. కాగితం మాత్రం ఆ ఇంట్లోంచి బయటకు తేవద్దు.

పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. నా నోట్సులో ఆ వాక్యం కొట్టేశాను. దాని కింద ఇంకా ఖాళీగానే ఉంది.